నేర డాక్యుమెంటరీలకు అసలు ఫుటేజీ ఇచ్చే బలం: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రూ క్రైమ్, అంటే నిజంగా జరిగిన నేరాల మీద తీసే డాక్యుమెంటరీల గురించి మాట్లాడుకునేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలివి. జవాబుల్లో నా అభిప్రాయాలు దాచుకోలేదు. నేరం జరిగిన క్షణం కన్నా దానికి ముందూ వెనుకా గడిచిన మామూలు నిమిషాలే ఈ చిత్రాలకు ప్రాణమని నా నమ్మకం. ఆ నిమిషాలు నటులతో తీసిన దృశ్యాల్లో దొరకవు.

అసలు ఫుటేజీ అని దేన్ని అంటారు?

డాక్యుమెంటరీ కోసం కాకుండా, వేరే అవసరం మీద, సంఘటన నడుస్తున్న కాలంలోనే రికార్డయినదంతా అసలు ఫుటేజీయే. వీధిలోని సీసీటీవీ, పోలీసు ఛాతీకి తగిలించుకున్న బాడీ కెమెరా, గస్తీ కారులోని కెమెరా, అత్యవసర నంబరుకు వచ్చిన ఫోను కాల్, విచారణ గది రికార్డింగు, కోర్టు హాలు వీడియో, వార్తా ఛానెళ్లు తీసి ప్రసారం చేయని టేపులు, ఇంట్లో పుట్టినరోజుకు తీసుకున్న వీడియో అన్నీ ఇందులోకి వస్తాయి. తీర్పు వచ్చాక దర్శకుడు వెళ్లి తీసుకున్న ఇంటర్వ్యూలు రావు. అయితే కేసు నడుస్తుండగానే కెమెరాతో వెంట తిరిగితే ఆ చిత్రీకరణ కూడా అసలు ఫుటేజీతో సమానమే. 2004 నాటి ‘ద స్టెయిర్‌కేస్’ కోసం ఒక ఫ్రెంచి బృందం నిందితుడి ఇంట్లో, అతని న్యాయవాదుల సమావేశాల్లో కూర్చుని అలాగే చిత్రీకరించింది.

నటులతో తీసిన దృశ్యాలతో పోలిస్తే దీని బలం ఎక్కడుంది?

నటుడికి ముగింపు తెలుసు. అది తెలిసినవాడి నడక వేరుగా ఉంటుంది, చూపు వేరుగా ఉంటుంది. అసలు ఫుటేజీలో ఉన్నవాళ్లకు మరుక్షణం ఏం జరుగుతుందో తెలియదు. తలుపు తట్టే పోలీసు అది మామూలు ఫిర్యాదే అనుకుంటాడు. లోపలివారు చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ఆ తెలియనితనాన్ని ఎంత గొప్ప నటుడైనా పూర్తిగా అభినయించలేడని నేననుకుంటాను.

2020లో జెన్నీ పాపుల్‌వెల్ తీసిన ‘అమెరికన్ మర్డర్: ద ఫ్యామిలీ నెక్స్ట్ డోర్’లో ఒక ఘట్టం ఇందుకు సరైన ఉదాహరణ. 2018 ఆగస్టులో కొలరాడో రాష్ట్రంలో ఒక గర్భిణి, ఆమె ఇద్దరు పిల్లలు కనిపించకుండా పోయారు. పోలీసు అధికారి భర్తను వెంటబెట్టుకుని పొరుగింటికి వెళ్తాడు. పొరుగింటాయన తన ఇంటి కెమెరాలో ఆ తెల్లవారుజామున పడిన దృశ్యాన్ని టీవీ మీద చూపిస్తాడు. ఇదంతా అధికారి బాడీ కెమెరాలో పడుతూనే ఉంది. భర్త తల వెనుక చేతులు పెట్టుకుని నిలబడతాడు, మాటలు పెంచుతాడు. అతను బయటికి వెళ్లగానే పొరుగింటాయన గొంతు తగ్గించి, ఈ మనిషి తీరు ఎప్పటిలా లేదని అధికారికి చెబుతాడు. ఈ సన్నివేశాన్ని ఎవరూ రాయలేదు. ఒక మామూలు మనిషికి అనుమానం ఎలా పుడుతుందో అది పుడుతుండగానే మనం చూస్తాం. ఆ భర్తే వారి హంతకుడని తర్వాత తేలింది.

కీలకమైన కొన్ని సెకన్లు చూపిస్తే సరిపోదా? గంటల కొద్దీ ఫుటేజీ ఎందుకు?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. టీవీ వార్తలకు కావలసింది ఆ కొన్ని సెకన్లే. డాక్యుమెంటరీకి కావలసింది ఆ సెకన్ల దాకా నడిచి వచ్చిన దారి.

గీతా గాంధ్‌బీర్ దర్శకత్వం వహించిన ‘ద పర్ఫెక్ట్ నైబర్’ 2025లో అమెరికాలోని సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో అమెరికా డాక్యుమెంటరీ విభాగంలో ఉత్తమ దర్శకత్వ పురస్కారం పొందింది. ఫ్లోరిడాలోని ఒకాలాలో 2023 జూన్‌లో ఒక మహిళ మూసిన తలుపు వెనుక నుంచి కాల్పులు జరిపి, నలుగురు పిల్లల తల్లి అయిన పొరుగింటామెను చంపింది. వార్తల్లో ఇది ఒక రోజు సంఘటన. చిత్రంలో అలా కాదు. ఆ వీధికి పోలీసులు అంతకుముందు ఎన్నోసార్లు వచ్చారు. పిల్లలు ఖాళీ స్థలంలో ఆడుకుంటున్నారని ఆమె ఫోను చేస్తుంది, పోలీసులు వస్తారు, పిల్లలతో మాట్లాడతారు, పెద్దలతో మాట్లాడతారు, వెళ్లిపోతారు. కొంతకాలానికి మళ్లీ ఫోను. చిత్రంలో అత్యధిక భాగం ఈ బాడీ కెమెరా దృశ్యాలే. కథ చెప్పే గొంతు ఏదీ ఉండదు.

ఒక్క సందర్శనే చూపించి ఉంటే ప్రేక్షకుడు ఒక పక్షం ఎంచుకుని కూర్చునేవాడు. పది చూశాక పక్షం కాదు, క్రమం కనబడుతుంది. వచ్చిన ప్రతి అధికారీ మర్యాదగానే మాట్లాడతాడు, ప్రతిసారీ ఇది చిన్న గొడవే అన్న నిర్ణయంతో వెనుదిరుగుతాడు. విషయం పెరుగుతోందని తెరమీద ఎవరూ అనరు. ఆ ఎరుక మనకు మనంగా కలుగుతుంది, ఒకరు చెప్పగా విన్న మాట కాదు కాబట్టి బలంగా నాటుకుంటుంది. ఇంకో సంగతి. ఆ నిడివి వల్లనే ఆ వీధి పిల్లల పేర్లు, మాటతీరు, అల్లరి మనకు పరిచయమవుతాయి. చివరికి నష్టపోయింది ఎవరో అప్పటికి మనకు తెలుసు. నేర కథనాల్లో బాధితులు ఒక ఫోటోగా మిగిలిపోవడం నన్నెప్పుడూ బాధిస్తుంది. నిడివి గల ఫుటేజీ ఆ అన్యాయాన్ని కొంతైనా సరిచేస్తుంది.

అంటే ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?

కాదు. చేతిలో ఎక్కువ ఉండటం వేరు, తెరమీద ఎక్కువ గుప్పించడం వేరు. చేతిలో ఎంత ఉంటే అంత మంచిదే, ఎందుకంటే అనుమానం వచ్చిన ప్రతిచోటా సరిచూసుకోవచ్చు.

అంత ఫుటేజీతో ఎడిటింగ్ గదిలో ఏం చేస్తారు?

మొదట ప్రతి నిమిషాన్నీ చూసి రాసుకుంటారు: ఎవరి కెమెరా, ఏ తేదీ, ఏ సమయం, ఎవరేమన్నారు. తర్వాత వచ్చేది గడియారాల చిక్కు. సీసీటీవీ గడియారం కొన్ని నిమిషాలు ముందుండవచ్చు, ఫోను సమయం సరిగ్గా ఉండవచ్చు, ఒక్కో పోలీసు కెమెరా ఒక్కో తీరుగా ఉండవచ్చు. రెండు కెమెరాల్లోనూ వినబడిన ఒకే శబ్దాన్ని, అంటే సైరన్‌నో తలుపు చప్పుడునో, పట్టుకుని రెండింటినీ ఒకే కాలరేఖ మీదికి తెస్తారు. ఇది ఓపికతో కూడిన పని. ఇందులో తప్పు జరిగితే ముందు జరిగినది వెనుక జరిగినట్టు అవుతుంది, నిర్దోషి దోషిలా కనిపిస్తాడు.

బాడీ కెమెరా దృశ్యం మొదట నిశ్శబ్దంగా మొదలై, ఉన్నట్టుండి శబ్దం రావడం మీరు గమనించి ఉంటారు. అది దర్శకుడి హంగు కాదు. చాలా బాడీ కెమెరాలు బటన్ నొక్కడానికి ముందు గడిచిన కొన్ని సెకన్లను కూడా దాచిపెడతాయి. విరివిగా వాడే ఒక రకంలో ఇది మామూలుగా 30 సెకన్లు, ఆ భాగంలో శబ్దం నమోదు కాదు.

పోలీసు విచారణ గది రికార్డింగులను ఎలా చూడాలి?

జాగ్రత్తగా, వీలైతే మొత్తంగా. నేరం ఒప్పుకున్న ఒక్క వాక్యం వింటే ఎవరికైనా అనుమానం తీరిపోతుంది. ఆ వాక్యానికి ముందు గంటల తరబడి ఎలాంటి ప్రశ్నలు వేశారో, జవాబులోని వివరాలు మొదట ఎవరి నోట వచ్చాయో వింటే కథ మారిపోవచ్చు. 2015లో వచ్చిన ‘మేకింగ్ ఎ మర్డరర్’ను అంతగా చర్చించుకోవడానికి ఒక ముఖ్య కారణం 16 ఏళ్ల కుర్రాడి విచారణ దృశ్యాలే. అతని నేరం గురించి ప్రేక్షకులు ఏ నిర్ణయానికి వచ్చినా, ప్రశ్నలో జవాబును ఎలా అందిస్తారో ఆ టేపుల్లో చూశారు.

కెమెరాను ఎటు తిప్పి పెట్టారన్నది కూడా ముఖ్యమే. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ లాసిటర్ 1980ల నుంచి దీని మీద ప్రయోగాలు చేశారు. నిందితుడి ముఖం మాత్రమే కనబడేలా తీసిన వీడియో చూసినవారు, అతను తన ఇష్టంతోనే ఒప్పుకున్నాడని ఎక్కువగా అనుకున్నారు. ప్రశ్నించే అధికారి, నిందితుడు ఇద్దరూ సమానంగా కనబడితే ఆ మొగ్గు తగ్గింది. మాటలు ఒక్కటే, మనుషులు వాళ్లే, కెమెరా చోటు ఒక్కటే వేరు.

ఫుటేజీ అబద్ధం చెప్పదు కదా?

ఫుటేజీ అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ దానికదే నోరు తెరిచి నిజమూ చెప్పదు, దాన్ని చూపించే మనిషి చెబుతాడు.

1991 మార్చి 3న లాస్ ఏంజిలిస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసులు కొడుతుండగా జార్జ్ హాలిడే అనే వ్యక్తి తన బాల్కనీ నుంచి వీడియో తీశాడు. ప్రపంచమంతా చూసింది, శిక్ష ఖాయమనుకుంది. కోర్టులో పోలీసుల తరఫు న్యాయవాదులు ఆ టేపును ఫ్రేము ఫ్రేముగా ఆపి, ఒక్కో దెబ్బకూ ఒక్కో వివరణ ఇచ్చారు. కింగ్ లేచి కదిలిన మొదటి కొన్ని సెకన్లు చాలా వార్తా ప్రసారాల్లో లేవు, వాటినే వారు ఆధారం చేసుకున్నారు. 1992 ఏప్రిల్ 29న దాదాపు అన్ని ఆరోపణల్లోనూ జ్యూరీ వారిని నిర్దోషులుగా ప్రకటించింది, నగరం భగ్గుమంది. తర్వాతి ఏడాది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో వారిలో ఇద్దరికి శిక్ష పడింది. ఒకే టేపుకు రెండు తీర్పులు వచ్చాయి. ప్రసారాల్లో ఆ మొదటి సెకన్లను వదిలేయకుండా ఉంటే, కోర్టులో వాటిని కొత్త రహస్యంలా బయటపెట్టే అవకాశం ఉండేది కాదు. నిడివిని కాపాడాలని నేను అంత గట్టిగా అనడానికి ఇది ఒక కారణం.

దృశ్యాన్ని నెమ్మదిగా చూపించినా అర్థం మారుతుంది. నెమ్మదించిన వీడియో చూసినవారికి ఆ పని కావాలని చేసినట్టు అనిపించే అవకాశం పెరుగుతుందని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. కాల్పుల దృశ్యాన్ని నెమ్మదింపజేసి, కింద విషాద సంగీతం పెట్టే దర్శకుడు ఒక తీర్పు ఇస్తున్నాడన్నమాట. కనీసం అది తన తీర్పని ఒప్పుకోవాలి.

దర్శకులు ఫుటేజీని మార్చి అతికించిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. బాగా తెలిసినది ‘ద జింక్స్’. ఆండ్రూ జరెకీ 2015లో తీసిన ఈ ధారావాహికలో, హత్యల అనుమానం ఎదుర్కొంటున్న సంపన్నుడు రాబర్ట్ డర్స్ట్ ఇంటర్వ్యూ ముగించి స్నానాల గదికి వెళ్తాడు. చొక్కాకున్న మైకు ఇంకా పనిచేస్తోంది. అక్కడ తనలో తాను గొణుక్కున్న మాటలతో చివరి భాగం ముగుస్తుంది: నేనేం చేశానని ప్రశ్న, వెంటనే అందరినీ చంపేశానని జవాబు. కోర్టు ద్వారా ఆ శబ్దం పూర్తి పాఠం బయటికి వచ్చినప్పుడు, ఆ రెండు వాక్యాలూ అసలు రికార్డింగులో పక్కపక్కన లేవని, వాటి వరుస కూడా వేరని తేలింది.

ఈ విషయం తెలిసినప్పుడు నాకు నిజంగా కష్టం వేసింది. డర్స్ట్ ఆ రెండు మాటలూ అన్నాడు. 2021లో హత్య కేసులో దోషిగా తేలాడు. ఆ టేపును ఉన్నదున్నట్టు వినిపించినా గుండె ఆగినంత పని అయ్యేది. చేతిలో అంతటి అసలు సరుకు ఉండగా వరుస మార్చడం వల్ల, అనుమానించేవారికి పట్టు దొరికింది తప్ప చిత్రానికి వచ్చిన లాభమేమీ లేదు.

శబ్దం మాత్రమే ఉంటే సరిపోతుందా?

కొన్నిసార్లు దృశ్యం కన్నా గట్టిగా పనిచేస్తుంది. ఎరల్ మోరిస్ 1988లో తీసిన ‘ద థిన్ బ్లూ లైన్’ చివర్లో కీలకమైన సంభాషణకు దృశ్యమే లేదు. కెమెరా పాడైపోవడంతో మోరిస్ టేపు రికార్డర్ ఒక్కటే వాడాడు. తెరమీద తిరుగుతున్న టేపు కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, అంతే. డల్లాస్‌లో 1976లో ఒక పోలీసు అధికారిని చంపాడన్న కేసులో మరణశిక్ష పడి, తర్వాత అది యావజ్జీవంగా మారిన రాండల్ ఆడమ్స్ నిర్దోషి అని సూచించే మాటలు, అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాడి నోటి నుంచే, ఆ టేపులో ఉన్నాయి. 1989లో ఆడమ్స్ విడుదలయ్యాడు.

ఆ చిత్రంలో నటులతో తీసిన దృశ్యాలు ఉన్నాయి కదా? మరి అది మీ వాదనకు విరుద్ధం కాదా?

మంచి ప్రశ్న. ‘ద థిన్ బ్లూ లైన్’లో ఆ రాత్రి జరిగినదాన్ని నటులతో పదే పదే చూపిస్తారు. కానీ ప్రతిసారీ ఒక్కో సాక్షి చెప్పిన ప్రకారం మార్చి చూపిస్తారు. ఇదే జరిగిందని ఆ దృశ్యాలు ఎక్కడా చెప్పవు. సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి ఎలా పొసగవో చూపడమే వాటి పని. ఫుటేజీ లేని కేసుల్లో ఇది నిజాయితీ గల మార్గం. నాకు అభ్యంతరం ఉన్నది మసక వెలుతురులో కత్తి పట్టుకున్న నీడను చూపించి, అసలు సీసీటీవీ ముక్క పక్కన అతికించి, ఏది ఏదో తెలియకుండా చేసే పద్ధతి మీద.

పుకార్లను ఆపడానికి ఫుటేజీ పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. 2018 జులై 1న ఢిల్లీ బురాడీలో ఒకే కుటుంబంలోని 11 మంది మృతదేహాలు, చాలావరకు ఉరికి వేలాడుతూ, కనిపించాయి. బయటివాళ్ల పనేనని ఎన్నో కథలు పుట్టాయి. ఎదుటి సీసీటీవీలో ముందురోజు రాత్రి ఆ ఇంటివాళ్లే స్టూళ్లు మోసుకుని లోపలికి వెళ్లడం కనబడింది. లీనా యాదవ్ 2021 డాక్యుమెంటరీలో ఆ దృశ్యం, ఇంట్లో దొరికిన డైరీలు కలిసి, ఎవరు చంపారన్న ప్రశ్నను పక్కకు తప్పించి, ఇలా ఎందుకు జరిగిందన్న ప్రశ్న దగ్గరికి మనల్ని తీసుకెళ్తాయి.

ఇంట్లో తీసుకున్న వీడియోలు వాడటం సబబేనా?

కుటుంబం ఒప్పుకుంటేనే. జరెకీయే 2003లో తీసిన ‘కాప్చరింగ్ ద ఫ్రీడ్‌మన్స్’లో, పిల్లల మీద లైంగిక నేరాల ఆరోపణలతో కుప్పకూలుతున్న ఒక కుటుంబం తన గొడవలను తానే వీడియో తీసుకుంది. ఆ టేపులు లేకపోతే ఆ చిత్రం ఒక కేసు వివరణగా మిగిలిపోయేది. అవి ఉన్నందువల్ల, ఒకే ఇంట్లో నమ్మకం, అనుమానం ఎలా కలిసి కాపురం చేస్తాయో తెలిసింది. ఎవరి మాట నిజమో చివరిదాకా చెప్పకపోవడం కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం ఆ ఫుటేజీ అంతకుమించి చెప్పలేదనిపించింది.

ఇలాంటి చిత్రాలు ఎక్కువగా అమెరికా నుంచే ఎందుకు వస్తాయి?

చట్టాల వల్ల. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ రికార్డులను పౌరులు అడిగి తీసుకోవచ్చు, ఫ్లోరిడాలో ఈ హక్కు మరీ విస్తృతం. చాలా రాష్ట్రాల కోర్టుల్లో కెమెరాలకు అనుమతి ఉంది. వరుస హత్యలు చేసిన టెడ్ బండీ విచారణ 1979లోనే టీవీలో వచ్చింది. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో మాత్రం క్రిమినల్ విచారణలను ప్రసారం చేయనివ్వరు. ఇంగ్లండ్‌లో 1925 నాటి చట్టం కోర్టులో ఫోటోలు తీయడాన్నే నిషేధించింది. తీవ్రమైన నేరాలను విచారించే క్రౌన్ కోర్టులో న్యాయమూర్తి శిక్ష ప్రకటించే మాటలను చిత్రీకరించడానికి 2022లోనే వీలు కలిగింది. భారతదేశంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు 2022 సెప్టెంబరు నుంచి ప్రత్యక్షంగా ప్రసారమవుతున్నాయి, కానీ ఒక హత్య కేసు విచారణను అలా చూడలేం. పోలీసు స్టేషన్లలో సీసీటీవీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. సోదాలు, స్వాధీనాలను వీడియో తీయాలని 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం చెబుతోంది. కనుక రికార్డింగులు పెరుగుతాయి. అవి దర్శకుల చేతికి వస్తాయా అన్నది వేరే సంగతి.

మరణ క్షణాన్ని చూపించాలా?

దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. 1963 నవంబరు 22న కెన్నెడీ హత్యను ఏబ్రహాం జప్రూడర్ తన 8 ఎంఎం కెమెరాతో చిత్రీకరించాడు. మొత్తం 26 సెకన్ల పైచిలుకు, 486 ఫ్రేములు. వాటిలో 313వ ఫ్రేము తలకు తూటా తగిలిన క్షణం. హక్కులు అమ్మేటప్పుడు ఆ ఒక్క ఫ్రేమును అచ్చు వేయవద్దని ఆయన కోరాడు. అమెరికా జాతీయ టీవీలో ఆ ఫిల్ము మొత్తం ప్రసారమైంది 1975లోనే. చరిత్రకు ఎంత అవసరమైన దృశ్యమైనా, తీసినవాడికే చూపడానికి చేయి రాలేదన్నది నేను మరచిపోలేని విషయం.

చాలా సందర్భాల్లో శబ్దం, చుట్టూ ఉన్నవారి ముఖాలు, తర్వాత వచ్చిన నిశ్శబ్దం చాలు. పిల్లలకు తల్లి మరణవార్త చెప్పే దృశ్యం ఇంకా కష్టమైన ప్రశ్న. కుటుంబం ఒప్పుకున్నా, పెద్దయ్యాక ఆ పిల్లలు ఏమనుకుంటారో ఎవరికీ తెలియదు. అలాంటిచోట దర్శకుడు కత్తెర వేస్తే చిత్రం బలహీనపడుతుందని నేను అనుకోను.

కృత్రిమ మేధతో చేసిన దృశ్యాలు, గొంతుల సంగతేమిటి?

2025లో ఒక ప్రముఖ కేసు మీద వచ్చిన ధారావాహికలో, హత్యకు గురైన యువతి డైరీ మాటలను ఆమె గొంతును పోలిన కృత్రిమ గొంతుతో చదివించారు. కుటుంబం అనుమతి ఉంది, ఆ సంగతి ప్రేక్షకులకు తెలిపారు. అయినా చాలామంది ఇబ్బందిపడ్డారు, నేనూ పడ్డాను. ఆమె రాసిన మాటలే కావచ్చు, ఆ మాటలను ఆమె ఏ స్వరంతో పలికేదో ఎవరికి తెలుసు? పాత ఫుటేజీ సేకరించే నిర్మాతల సంఘం ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయన్స్ 2024లో మార్గదర్శకాలు విడుదల చేసింది. కృత్రిమంగా తయారైనది ఏదో ప్రేక్షకుడికి స్పష్టంగా తెలియాలన్నది వాటి సారం. సీసీటీవీలోని మసక ముఖాన్ని కృత్రిమ మేధతో స్పష్టం చేయడం మరీ ప్రమాదం. ఆ స్పష్టత కెమెరా చూసినది కాదు, యంత్రం ఊహించినది.

చూసేటప్పుడు ఏం గమనించాలి?

తేదీ, సమయం తెరమీద ఉన్నాయా? ఈ ఫుటేజీ ఎవరిదో చెప్పారా? మాట మధ్యలో దృశ్యం మారి వేరే ముఖం కనిపిస్తే, ఆ మాట అక్కడే ముగిసిందో లేదో అనుమానించండి. అతికిన చోటును కప్పడానికి వాడే పాత పద్ధతి అది. సంగీతం ఎక్కడ మొదలైందో వినండి.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

‘ద పర్ఫెక్ట్ నైబర్’తో. ఒక్కరే, ఫోను పక్కన పెట్టి చూడండి. మరుసటి రోజు మొదటి అరగంట మళ్లీ చూడండి, ఈసారి పోలీసులను వదిలేసి వెనుక నిలబడ్డ పిల్లలను మాత్రమే గమనిస్తూ.